కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రైలుమార్గాలు: నాడు, నేడు

పరిచయం

కాజీపేటలో రైలెక్కి ఉత్తరంగా బల్హార్షా వైపు వెళ్తుంటే బెల్లంపల్లి దాటాక రేచిని రోడ్, ఆసిఫాబాద్ రోడ్ అనే స్టేషన్లు వస్తాయి. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ అని ఉంటే ఆ ఊరు అక్కడ లేదని అర్థం. బండి దిగి ఆ ఊరికి పోయే తోవ పట్టుకోవాలి. ఆసిఫాబాద్ విషయంలో ఈ ‘రోడ్’ అన్న మాట మనల్ని ఆలోచింపజేయాలి. ఎందుకంటే ఈ మార్గం వేస్తున్న 1920లలో ఆసిఫాబాద్ మామూలు ఊరు కాదు, జిల్లా కేంద్రం. 1941లో ఆదిలాబాద్‌కు మారేదాకా జిల్లా కచేరీలు అక్కడే ఉండేవి. అయినా రైలు ఆ ఊరి పొలిమేరకు కూడా పోలేదు. ఇటు కరీంనగర్ జిల్లాలో కూడా అంతే. పెద్దపల్లి, జమ్మికుంటలకు రైలు వచ్చింది గాని జిల్లా కేంద్రమైన కరీంనగర్‌కు రాలేదు.

రెండు జిల్లాల గుండా పోయిన ప్రధాన రైలుమార్గం రెండు జిల్లా కేంద్రాలనూ పక్కన పెట్టి ఎందుకు పోయింది? ఆ మార్గాన్ని ఎవరు కోరారు, ఎవరు డబ్బు పెట్టారు, అది ఎవరికి పనికొచ్చింది? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం. పాత ఉమ్మడి జిల్లాల సరిహద్దులనే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటున్నాం. అంటే నేటి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు కూడా ఇందులో చేరి ఉన్నాయని గుర్తుంచుకోండి.

చాందా రైల్వే వివాదం, 1883

హైదరాబాదు రాజ్యంలో మొదటి రైలుమార్గం వాడి నుండి సికింద్రాబాదు వరకు 1874లో పూర్తయింది. అది బొంబాయి–మద్రాసు మార్గానికి రాజధానిని కలిపింది. దానిని తూర్పుగా వరంగల్ మీదుగా బెజవాడకు, ఉత్తరంగా చాందాకు పొడిగించాలన్న ఆలోచన 1880ల ఆరంభంలో బలపడింది. చాందా అంటే నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్. అక్కడ బొగ్గు ఉంది. ఆ చాందా మార్గం ఎప్పుడు వేసినా ఇప్పటి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల గుండానే పోవాలి. మన జిల్లాల రైలు చరిత్ర మొదటి పట్టా పడడానికి 40 ఏళ్ల ముందే మొదలైందని చెప్పడం ఇందుకే.

ఈ పథకానికి లండన్‌లో ఒక కంపెనీ పెట్టుబడి సేకరిస్తుంది, నిజాం ప్రభుత్వం ఆ పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీకి హామీ ఇస్తుంది. ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులోని ‘గ్యారంటీడ్’ అనే మాట ఇక్కడి నుండే వచ్చింది. దీన్ని ఒక చిన్న లెక్కతో చూడండి. లండన్‌లో ఒకరు 100 రూపాయలు పెట్టారనుకుందాం. అతనికి ఏటా 5 రూపాయలు రావాలి. రైలు నడిచి 3 రూపాయలే లాభం వస్తే మిగిలిన 2 రూపాయలు ఖజానా కడుతుంది. లాభమే రాకపోతే 5 రూపాయలూ ఖజానావే. ఖజానా అంటే ప్రధానంగా రైతు కట్టిన భూమిశిస్తు. బ్రిటిష్ ఇండియాలో 1849 నుండి ఇదే పద్ధతిలో రైల్వేలు కట్టారు, దాని మీద దాదాభాయి నౌరోజీ వంటి వారి విమర్శలను మీరు ఆర్థిక చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఆ పద్ధతే ఇప్పుడు సంస్థానంలోకి వచ్చింది.

ఆ సమయంలో హైదరాబాదులో పరిస్థితి బాగా లేదు. ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరి 8న మరణించాడు. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. ఇంత పెద్ద అప్పు భారాన్ని రాజ్యం మీద పెట్టే ఒప్పందాన్ని జనానికి ఏమీ చెప్పకుండానే ముగిస్తారేమోనన్న అనుమానం చదువుకున్నవారిలో కలిగింది. అఘోరనాథ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు కలిసి, ఒప్పందంలోని వివరాలను బయటపెట్టాలని ప్రభుత్వాన్ని కోరారు. అఘోరనాథ అప్పటికే హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాది వేసిన ప్రముఖుడు. సరోజినీ నాయుడు ఆయన కూతురే. ప్రభుత్వం వివరాలు ఇవ్వలేదు. 1883 మే 20న అఘోరనాథను రాజ్యం నుండి బహిష్కరించింది. ఆయన తరువాత కొంతకాలానికి గాని తిరిగి రాలేకపోయాడు.

చాలా పాఠ్యపుస్తకాలు చాందా రైల్వే ఆందోళనను ‘హైదరాబాదులో రాజకీయ చైతన్యానికి తొలి ఘట్టం’ అని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాయి. ఆ మాటలో తప్పు లేదు. కాని ఆందోళనకారులు అడిగిందేమిటో గమనించండి. రైలు వద్దని వారు అనలేదు. దాని ఖర్చు ఎంత, భారం ఎవరి మీద పడుతుంది, లాభం ఎవరికి పోతుంది అన్న లెక్క చూపించమన్నారు. వారి అనుమానం గాలిలోంచి పుట్టింది కాదని కొద్ది ఏళ్లలోనే తేలింది. రైలు ఒప్పందం నడిపిన అధికారి అబ్దుల్ హక్ తరువాత గనుల హక్కుల కంపెనీ షేర్ల వ్యవహారంలో ఇరుక్కున్నాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ దాని మీద విచారణ జరపవలసి వచ్చింది.

కాజీపేట–బల్హార్షా మార్గం

ఒప్పందం కుదిరాక తూర్పు మార్గం పని వేగంగా సాగింది. 1886లో వరంగల్, 1888లో ఇల్లెందు బొగ్గు గనులు, 1889లో బెజవాడ రైలుకు కలిశాయి. ఇల్లెందు దగ్గరి సింగరేణి ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లోనే గుర్తించాడు. చాందా మార్గం మాత్రం కాగితం మీదే ఆగిపోయింది. నా అభిప్రాయంలో ఇందుకు ముఖ్య కారణం తేలికైనదే. రాజ్యంలోనే సింగరేణి బొగ్గు దొరుకుతుంటే చాందా బొగ్గు కోసం అడవులు, గోదావరి దాటి పట్టాలు వేయాల్సిన తొందర పోయింది.

ఇక్కడొక హెచ్చరిక. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ప్రతి ఏడూ కనిపించే పొరపాటు ఇది: 1883 ఆందోళన పేరు ‘చాందా రైల్వే’ కాబట్టి చాందా మార్గం ఆ వెంటనే పడిందని విద్యార్థులు రాస్తారు. 1889లో పూర్తయింది బెజవాడ మార్గం. చాందా వైపు మార్గం, అంటే కాజీపేట–బల్హార్షా మార్గం, 1920లలో పని సాగి 1929 నాటికి పూర్తయింది.

ఈ 40 ఏళ్లలో అవసరం మారింది. ఢిల్లీ నుండి మద్రాసుకు నేరుగా దారి లేకపోవడం రైల్వేలకు పెద్ద లోటుగా కనిపించసాగింది. ఉత్తరం నుండి పట్టాలు బల్హార్షా దాకా వచ్చి ఉన్నాయి, దక్షిణం నుండి కాజీపేట దాకా ఉన్నాయి. మధ్యలోని సుమారు 235 కి.మీ. ఖాళీని పూడిస్తే దేశం నిలువునా ఒక్క గీత అవుతుంది. ఆ ఖాళీ దాదాపు మొత్తం మన రెండు జిల్లాలే. పెషావర్–మంగళూరు మధ్య గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ 1929లో మొదలైంది. ఆ తరువాత అది ఢిల్లీ–మద్రాసు బండిగా స్థిరపడింది. మరుసటి ఏడాది, 1930లో, నిజాం ప్రభుత్వం లండన్ కంపెనీ నుండి రైల్వేను సొంతం చేసుకుంది.

ఇప్పుడు పటం ముందు పెట్టుకోండి. కాజీపేట నుండి హసన్‌పర్తి, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాకా వచ్చిన మార్గం గోదావరి దాటి మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ మీదుగా వార్ధా నది వైపు పోతుంది. కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి, మంథని, నిర్మల్, ఆదిలాబాద్ అన్నీ దానికి అటో ఇటో ఉండిపోయాయి. నిర్మల్, ఆదిలాబాద్ అయితే హైదరాబాదు–నాగపూర్ పాత రహదారి మీద ఉన్న ఊళ్లు. రైలు ఆ పాత దారిని అనుసరించలేదు. ఇప్పుడు అదే పటం మీద బొగ్గు నిల్వలను గుర్తించండి. ప్రాణహిత–గోదావరి లోయ వెంట చంద్రపూర్ నుండి ఆగ్నేయంగా కొత్తగూడెం దాకా బొగ్గు పొర ఒక పట్టీలా సాగుతుంది. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం ప్రాంతమంతా రైలు ఈ పట్టీ వెంటే నడిచింది. దూరపు నగరాలను కలపడం, బొగ్గును అందుకోవడం అన్న రెండు పనులకూ ఆ దారి సరిపోయింది. జిల్లా జనం తహసీలుకో, సంతకో, జాతరకో పోవడానికి దారి అన్నది ఆ లెక్కలో లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1883లో చాందా రైల్వే పథకాన్ని ప్రశ్నించినవారు ఏ వివరాలు కోరారు? ‘గ్యారంటీ’ పద్ధతిలో నష్టభారం ఎవరిపై పడుతుంది?

పట్టాల వెంట పుట్టిన ఊళ్లు

రైలు వచ్చాక ఊళ్ల వరుస తారుమారైంది. బెల్లంపల్లి ప్రాంతంలో 1920ల చివరలోనే బొగ్గు తవ్వకం మొదలైంది. వ్యాగన్ దగ్గరికి వస్తే గాని బొగ్గుకు విలువ లేదు కనుక రైలుకు, బాయికి మధ్య ఈ సంబంధం సహజమే. (మన ప్రాంతంలో బొగ్గు గనిని ‘బాయి’ అనే అంటారు. ‘బాయి పని’ అంటే గని ఉద్యోగం.) తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కార్మికులు చుట్టుపక్కల పల్లెల నుండే గాక దూర ప్రాంతాల నుండి కూడా వచ్చి స్థిరపడ్డారు. రవీంద్రఖని అన్న స్టేషన్ పేరు చూడండి. ఊరి పేరు కాదు, గని పేరే స్టేషన్‌కు వచ్చింది.

కాగజ్‌నగర్ కథ ఇంకా స్పష్టం. అది ఒకప్పుడు కొత్తపేట అనే చిన్న పల్లె. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపించారు, 1942లో ఉత్పత్తి మొదలైంది. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం. ఊరి పేరే మారిపోయింది. ఆదిలాబాద్ అడవుల్లో వెదురు ఉంది, బెల్లంపల్లిలో బొగ్గు ఉంది, తయారైన కాగితాన్ని తీసుకుపోవడానికి గుమ్మం ముందు రైలు ఉంది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. మధ్యలోని ఆ నాలుగేళ్లు ఒకే మిల్లు మీద బతికే ఊరికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

దక్షిణాన జమ్మికుంట పత్తి మార్కెట్‌గా, పెద్దపల్లి, సుల్తానాబాద్ ప్రాంతం బియ్యం మిల్లులకు పేరు తెచ్చుకున్నాయి. మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. రామగుండంలో ఎరువుల కర్మాగారం, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వెలిశాయి. ఎన్టీపీసీకి గనుల నుండి బొగ్గు తెచ్చేందుకు ప్రత్యేకంగా ఒక రైలుమార్గం ఉంది. అక్కడి బండ్లు ప్రయాణికుల రైళ్లతో సంబంధం లేకుండా గని, ప్లాంటు మధ్య చుట్లు తిరుగుతాయి. వ్యాగన్ల అడుగు తెరుచుకుని బొగ్గు కింద పడిపోతుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పెద్దపల్లి, మంచిర్యాల జిల్లా కేంద్రాలయ్యాయి. 1920లలో రైలు దారిలో పడిన ఊళ్లు 90 ఏళ్ల తరువాత జిల్లా కచేరీలు తెచ్చుకున్నాయన్నమాట.

అయితే ఈ ఎదుగుదల అందరికీ ఒకేలా అందలేదు. రైలు అడవి అంచుకు రాగానే టేకు, వెదురు దూరపు మార్కెట్‌లో అమ్ముడుపోయే సరుకులయ్యాయి. మైదాన ప్రాంతాల నుండి రైతులు, షావుకార్లు, గుత్తేదారులు రావడం సులువైంది. మరోవైపు అటవీశాఖ రిజర్వు హద్దులు బిగించింది. పోడు చేసుకునే గోండులు, కోలాములు ఈ రెంటి మధ్య నలిగారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడు కావడం మీరు వేరే పాఠంలో చదివారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం తరఫున ఈ ప్రాంతాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, రాకపోకల సౌకర్యాలు పెరిగాక బయటివారి రాక గోండుల భూములకు ముప్పు తెచ్చిందని రాశాడు. భూమి హక్కు, అడవి చట్టం, పట్వారీల అవినీతి అసలు కారణాలు. రైలు వాటి వేగాన్ని పెంచింది. రైలు వల్లే తిరుగుబాటు వచ్చిందని రాయకండి, రైలుకు దానితో ఏ సంబంధమూ లేదని కూడా రాయకండి.

బొగ్గు బండి ఆగితే ఏమవుతుందో 2011లో తెలిసింది. సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బాయి దిగడం మానేశారు, జనం పట్టాల మీద కూర్చున్నారు. విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చింది. ఎవరి కోసమో వేసిన మార్గాన్ని ఆపగల శక్తి తమకుందని ఈ ప్రాంతం చూపిన సందర్భం అది.

ఆదిలాబాద్‌కు రైలు మహారాష్ట్ర మీదుగా

ఆదిలాబాద్ పట్టణానికి వేరే మార్గం నుండి రైలు వచ్చింది. సికింద్రాబాదు నుండి నిజామాబాదు, బాసర మీదుగా మన్మాడ్‌కు పోయే గోదావరి లోయ మీటర్‌గేజి మార్గం 1900 ప్రాంతంలో పూర్తయింది. ఆ మార్గంలో నాందేడ్ దగ్గరి ముద్ఖేడ్ నుండి ఒక మీటర్‌గేజి శాఖ భోకర్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్‌కు చేరింది. హైదరాబాదు రాష్ట్రం ఉన్నప్పుడు ఇందులో వింతేమీ లేదు. నాందేడ్ మన రాష్ట్రమే, కిన్వట్ అయితే ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకాయే. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కిన్వట్, రాజురా తాలూకాలు అటు పోయాయి. పట్టాలు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దు వచ్చి వాటి మీద పడింది. ఆ రోజు నుండి ఆదిలాబాద్ మనిషి రైలులో రాజధానికి రావాలంటే పక్క రాష్ట్రంలోకి వెళ్లి మళ్లీ సొంత రాష్ట్రంలోకి రావలసిందే. తిరుపతి–ఆదిలాబాద్ కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినవారికి ఇది అనుభవమే. నిర్మల్ మీదుగా రోడ్డు మీద 300 కి.మీ. పైచిలుకు దూరం రైలు మీద 400 కి.మీ. దాటుతుంది.

ఈ శాఖ 2000 తరువాతి దశాబ్దంలో బ్రాడ్‌గేజిగా మారింది. ఉత్తరాన పింపల్‌కుట్టి, మాజ్రి మీదుగా నాగపూర్ వైపు కూడా దారి ఉంది. కాని నిర్మల్, ఆర్మూర్ మీదుగా దక్షిణానికి నేరుగా మార్గం కావాలన్న కోరిక ఇప్పటికీ కోరికగానే ఉంది. నిర్మల్ పట్టణంలో నేటికీ రైల్వే స్టేషన్ లేదు. మరో సంగతి: ఒకే ఉమ్మడి జిల్లాలో ఉన్న ఆదిలాబాద్, మంచిర్యాల రెండింటికీ రైలు ఉంది, కాని జిల్లా లోపల ఒకదాని నుండి మరొకదానికి రైలు లేదు. కచేరీ పని మీద మంచిర్యాల నుండి ఆదిలాబాద్‌కు బస్సులో పోయి, పని కాక రాత్రికి అక్కడే ఉండిపోయిన తరం ఇంకా మన మధ్య ఉంది. కొత్త జిల్లాలు ఎందుకు కోరారో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ప్రయాణం చాలు.

కరీంనగర్ నిరీక్షణ

కరీంనగర్ వారికి చాలాకాలం ‘మన స్టేషన్’ అంటే 35 కి.మీ. దూరంలోని పెద్దపల్లి, కాకపోతే కాజీపేట. పట్నం పోవడానికి బస్సే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుండి బతుకుదెరువుకు ముంబై, అక్కడి నుండి గల్ఫ్ దేశాలకు పోయేవారు రోడ్డు దారిన కదిలారు. సిరిసిల్ల నేత కార్మికులు భీవండి, షోలాపూర్ పోయింది కూడా అలాగే. అంటే మనుషుల కదలిక తూర్పు–పడమరలుగా ఉంటే, ఉన్న ఒక్క ప్రధాన రైలుమార్గం ఉత్తర–దక్షిణాలుగా ఉంది.

ఈ లోటు తీర్చేది పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ మార్గం. ఒకప్పుడు మంథని శాసనసభ్యుడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1993–94లో, ఇది మంజూరైంది. పొడవు సుమారు 177 కి.మీ. మొదట పెద్దపల్లి నుండి కరీంనగర్‌కు, తరువాత జగిత్యాల దాకా బండి నడిచింది. నిజామాబాద్ దాకా పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. 235 కి.మీ. మార్గాన్ని గోదావరి వంతెనతో సహా, యంత్రాలు అంతగా లేని 1920లలో వేశారు. దానికంటే పొట్టి మార్గానికి స్వతంత్ర భారతంలో 23 ఏళ్లు పట్టింది. భూసేకరణ చిక్కులు, ఏటేటా కొసరి కొసరి ఇచ్చే బడ్జెట్ కేటాయింపులు సాధారణంగా చెప్పే కారణాలు. అవి నిజమే. అయితే బొగ్గు కోసం, దేశపు ప్రధాన మార్గం కోసం వేసే పట్టాలకు డబ్బు దొరికినంత త్వరగా జిల్లా జనం తిరిగే పట్టాలకు దొరకదన్నది కూడా అంతే నిజమని నేననుకుంటాను.

ఈ మార్గం మీద కరీంనగర్ నుండి తిరుపతికి, ముంబైకి నేరుగా రైళ్లు వచ్చాయి. హైదరాబాదుకు మాత్రం అది ఇంకా చుట్టుదారే. పెద్దపల్లి మీదుగా గాని నిజామాబాద్ మీదుగా గాని తిరిగి పోవాలి. అందుకే మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం మీద ఆశ పెట్టుకున్నారు. సుమారు 151 కి.మీ. పొడవైన ఈ మార్గానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. గజ్వేల్ మీదుగా సిద్దిపేట వరకు పూర్తయిన భాగం 2023 అక్టోబరు 3న ప్రారంభమైంది. అక్కడి నుండి సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లిని చేరాలి. రాజన్న గుడికి వచ్చే భక్తులకు, సిరిసిల్ల మగ్గాలకు ఇదే మొదటి రైలు అవుతుంది.

అభ్యాస కృత్యం

మీకు దగ్గరలోని రైల్వే స్టేషన్‌కు ఒకసారి వెళ్లండి. రోజుకు ఎన్ని బండ్లు అక్కడ ఆగుతున్నాయో, ఎన్ని ఆగకుండా పోతున్నాయో, వాటిలో గూడ్స్ బండ్లు ఎన్నో ఒక పూట లెక్కపెట్టండి. స్టేషన్ రాకముందు ఊరు ఎటువైపు ఉండేది, బజారు ఎప్పుడు ఎటు జరిగింది అని ఊళ్లో పెద్దవారిని అడిగి రాసుకోండి. మీ ఊరికి స్టేషన్ లేకపోతే, 50 ఏళ్ల కిందట మీ ఇంటి పెద్దలు రైలు ఎక్కడానికి ఏ ఊరు పోయేవారో, ఎలా పోయేవారో అడగండి. ఈ రెంటిలో ఏదైనా ఒకటి రెండు పుటల్లో రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.